చిరునామాలో చివరి ముక్క

సర్వీసులో ఉండగా ఇంటి నుంచి ఉత్తరం రావాలంటే నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, చివర 56 ఏపీఓ అని రాస్తే చాలు. మనం ఏ కొండ మీద ఉన్నా వచ్చి చేరేది. పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయినా పరవాలేదు గానీ, చివరి ముక్క తప్పితే ఉత్తరం దారి తప్పేది. ఇంటర్నెట్ చిరునామా కూడా అలాంటిదే. దాన్ని చివరి నుంచి చదవాలి.

ఈ సంగతి రిటైరై పుదుచ్చేరిలో స్థిరపడ్డాక నాకు బాగా తెలిసొచ్చింది. ఒకరోజు మా వీధిలోని మాజీ హవల్దారు ఒకాయన ఫోను పట్టుకుని వచ్చాడు. "సాబ్, లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుందట, దీని మీద నొక్కమంటున్నారు" అన్నాడు. చిరునామా మొదట్లో స్పర్శ్ అని ఉంది, పెన్షన్ అని ఉంది. చివర మాత్రం మనకి సంబంధం లేని పేరు. నొక్కనివ్వలేదు. అసలైన స్పర్శ్ చిరునామా "డిఫెన్స్‌పెన్షన్ డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగుస్తుంది.

ఈ పేర్ల పద్ధతికి మూలం కూడా సైన్యమే. అమెరికా రక్షణ శాఖ 1969లో నడిపించిన అర్పానెట్‌లో కంప్యూటర్ల పేర్లన్నీ మొదట్లో ఒకే జాబితాలో ఉండేవి. కంప్యూటర్లు పెరిగి ఆ జాబితా మొయ్యలేని బరువైంది. అప్పుడు 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన డొమైన్ పేర్ల పద్ధతి తయారుచేశాడు. కామ్, గవ్, మిల్ లాంటి తోకలు అలా వచ్చాయి. మిల్ అంటే అమెరికా సైన్యానిది.

మన దేశానికి 1989లో "ఇన్" వచ్చింది. చాలా ఏళ్ళు నిబంధనలు గట్టిగా ఉండడం వల్ల కొన్ని వేల పేర్లే నమోదయ్యాయి. 2005 జనవరి నుంచి తలుపులు తెరిచారు, ఎవరైనా డబ్బు కట్టి పేరు తీసుకోవచ్చు. అయితే గవ్ డాట్ ఇన్ ప్రభుత్వానికీ, మిల్ డాట్ ఇన్ సాయుధ దళాలకూ మాత్రమే కేటాయించారు. కాబట్టి ఉత్త "ఇన్" చూసి నమ్మకూడదు. ఒకరి పేరును మరొకరు దురుద్దేశంతో తీసుకుంటే ఫిర్యాదు చేసే విధానం కూడా 2005లోనే వచ్చింది. కానీ తీర్పు వచ్చేలోపు మన ఖాతా ఖాళీ అయితే ఏం లాభం?

మన ఊరి సంగతే చూడండి. 2006 అక్టోబరు 1న పాండిచ్చేరి, పుదుచ్చేరి అయింది. ప్రభుత్వ వెబ్‌సైటు పీవై డాట్ గవ్ డాట్ ఇన్. పాత పేరుకీ కొత్త పేరుకీ ఆ రెండక్షరాలు సరిపోయాయి. మన తెలుగు యానాం వెబ్‌సైటుకీ చివర గవ్ డాట్ ఇన్ ఉంది. ఊరి పేరు మారినా, నమ్మకం ఆ తోకలోనే ఉంది.

తెలుగువాళ్ళం గర్వించే మాట ఇంకొకటి. 2025లో రిజర్వు బ్యాంకు మన బ్యాంకులన్నీ "బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాకి మారాలని ఆదేశించి, అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం ఒక్క సంస్థకే ఉంది. అది 1996లో రిజర్వు బ్యాంకు హైదరాబాదులో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ.

రాత్రి సంత్రీ డ్యూటీలో "థమ్! కౌన్ ఆతా హై?" అని అడగకుండా సీఓ సాబ్‌నైనా లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు. యూనిఫాం చూసి కాదు, పాస్‌వర్డు విని దారి ఇచ్చాం. ఇప్పుడు మన పెన్షన్‌కి మనమే సంత్రీలం. మెసేజ్ వచ్చినప్పుడు ఆపండి, చివరి ముక్క చదవండి, ఆ తర్వాతే నొక్కండి. ఇంట్లో ఆడవాళ్ళకి, ముఖ్యంగా మన వీరనారీమణులకి, ఈ మాట తప్పక చెప్పండి.

జై హింద్.