కాన్సాస్‌లో పూటకూళ్ళు

అమెరికా సంయుక్త రాష్ట్రముల నడిమధ్య నున్న కాన్సాస్‌కు పోయిన బాటసారికి మొదట కనబడునవి గోధుమచేలు. ఊరికిని ఊరికిని నడుమ మైళ్ళకొలది బయలు. అట్టిచోట ఆకలి వేసినచో ఎచట తినవలెను? ప్రశ్న చిన్నదే. కాని ఆ రాష్ట్రపు చరిత్ర కొంత దీని వెంట నడచినదని మాకు తోచుచున్నది.

1870 ప్రాంతమున రైలు ప్రయాణికుల భోజనము పెద్ద అగచాటు. బండి ఇరువది నిమిషము లాగును. డబ్బు ముందే పుచ్చుకొందురు; పళ్ళెము వచ్చులోపల గంట మ్రోగును. ఒకరు ముట్టక విడిచినది మరుసటి బండివారికి వడ్డింతురని కూడ చెప్పుకొనెడివారు. ఫ్రెడ్ హార్వీ 1835లో లండనులో పుట్టి, పిన్న వయసుననే అమెరికా చేరినవాడు. రైలు సరకుల ఏజెంటుగా తిరుగుచు ఈ బాధను స్వయముగా ఎరిగినవాడు. 1876లో శాంటాఫే రైలుమార్గముపై టొపీకా స్టేషనులో ఆయన భోజనశాల తెరచెను. రెండేండ్లకు ఫ్లారెన్సు అను చిన్న ఊరిలో హోటలు పెట్టి, చికాగోలో పేరుపడిన పామర్ హౌస్ నుండి వంటవానిని రప్పించెను. ఆ ఏర్పాటు మెచ్చదగినది. ఎందరు భోజనమునకు దిగుదురో కండక్టరు బండిలోనే విచారించి ముందు స్టేషనుకు తంతి పంపును. బండి ఆగునప్పటికి వడ్డన సిద్ధము. కోటు తొడుగనివారికి పెద్దశాలలో చోటు లేదు. అట్టివారికై కోట్లను కూడ అచటనే ఉంచెడివారు! 1883 నుండి వడ్డనకు యువతులను నియమించిరి. ఇల్లు విడిచి జీతమునకు పోవుట ఆడపిల్లలకు సులభము కాని ఆ కాలమున, వేలమంది ఈ ఉద్యోగమున చేరి దూరప్రాంతములు చూచిరి.

విచిటా పట్టణమున 1921లో వెలసిన వైట్ కాసిల్ అయిదు సెంట్లకు హాంబర్గరు అమ్మి, తిండిని మరింత చౌకచేసెను.

ఆగ్నేయమున పిట్స్‌బర్గ్ చుట్టును బొగ్గుగనులు. ఐరోపానుండి వలసవచ్చినవారు అందు పనిచేసెడివారు. ఆనీ పిక్లర్ భర్త గనిప్రమాదములో కాలు పోగొట్టుకొనెను. 1934లో ఆమె ఇంటిలోనే కోడిమాంసము వేయించి అమ్మ నారంభించెను. కొన్నేండ్లకు, భర్తకు గనిపని చేయు ఆరోగ్యము లేకపోగా, పొరుగున మేరీ జెర్న్‌గాస్ట్ కూడ అదే దారి పట్టెను. మన ఊళ్ళలో పూటకూళ్ళ యిల్లు నడిపిన స్త్రీలు మాకు జ్ఞప్తికి వచ్చిరి. ఈ ఇద్దరి పేర్లను ధరించిన భోజనశాలలకై నేటికిని దూరమునుండి కార్లలో వత్తురు. మాంసము ముట్టనివారు మాత్రము కాబేజీ పచ్చడితో సరిపెట్టుకొనవలసినదే.

ఈ మర్యాదలు అందరికిని దక్కలేదు. కాన్సాస్ 1861లో బానిసత్వము లేని రాష్ట్రముగా యూనియనులో చేరినది. అయినను నీగ్రోలని నాడు పిలువబడిన నల్లజాతివారిని పెక్కు భోజనశాలలు కూర్చుండనిచ్చెడివి కావు. ఎచట తినవచ్చునో, ఎచట పండవచ్చునో వారికి తెలుపుటకే విక్టర్ గ్రీన్ అను తపాలా ఉద్యోగి 1936లో ఒక పుస్తకమును ప్రకటింప మొదలిడెను. ఇతరులకు రుచిని గూర్చిన ప్రశ్న, వారికి పరువును గూర్చిన ప్రశ్న.

1958 జులై 19న విచిటాలోని డాకమ్ మందుల దుకాణములో కొందరు నల్లజాతి యువకులు, యువతులు భోజనపు బల్లయొద్ద కూర్చుండిరి. రాన్ వాల్టర్స్, ఆయన బంధువు కారల్ పార్క్స్ వారికి ముందు నడచిరి. శుభ్రమైన దుస్తులు, మెల్లని మాట. వడ్డింపలేదు, వారు లేవలేదు. వారి జాతీయ సంస్థ పెద్దలు ఈ పద్ధతిని సమర్థింపకున్నను, మూడు వారములకు పైగా వచ్చి కూర్చుండుచునే యుండిరి. ఆగస్టు 11న యజమాని నష్టము నోర్వలేక వడ్డింపుడనెను. గ్రీన్స్‌బరో సత్యాగ్రహము లోకప్రసిద్ధమైనది; అది జరిగినది 1960లో.

విచిటా నడిబొడ్డున ఒక చిన్న తోటలో, 1998లో నిలిపిన కంచుశిల్పము కలదు. అందు చెక్కినది ఏ నాయకుని విగ్రహమును కాదు. ఒక భోజనపు బల్ల, దానియొద్ద కూర్చున్న మనుష్యులు.