విటమిన్ మంచిదే కదా? భీమవరం నుంచి బోస్టన్ దాకా ఒక క్యాన్సర్ మందు కథ

గోపన్‌పల్లి నుంచి మళ్ళీ మీ ముందుకు వచ్చేశాను. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమనుకోకండి, మా ఫ్లాట్‌లో ఈ వారం జనం ఎక్కువ. ఎందుకో ముందే చెప్పేస్తాను, ఈ ఎపిసోడ్ పుట్టింది అక్కడే కాబట్టి.

మా అక్క, బావ తణుకులో ఉంటారు. వాళ్ళ బాబుకి ఆరేళ్ళు. పోయిన ఏడాది వాడికి లుకేమియా అని తేలింది. అంటే బ్లడ్ క్యాన్సర్. పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్ అనే రకం. గట్టి కీమో నెలలు గడిచిపోయాయి, ఇప్పుడు మెయింటెనెన్స్ ట్రీట్‌మెంట్ నడుస్తోంది. చెకప్‌కి హైదరాబాద్ వచ్చినప్పుడల్లా మా దగ్గరే దిగుతారు.

నేను మేనమామని కదా, ఏదో ఒకటి చెయ్యాలని ఉంటుంది. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. విటమిన్ సి క్యాన్సర్ కణాలని చంపేస్తుందట, కంపెనీలు ఆ సంగతి దాచేస్తున్నాయట. పూర్తిగా నమ్మలేదు. కానీ విటమిన్ మంచిదే కదా, ఇస్తే పోయేదేముంది అనుకున్నా. నారింజ ఫ్లేవర్ మల్టీవిటమిన్ గమ్మీలు ఆర్డర్ పెట్టా. పది నిమిషాల్లో వచ్చేశాయి. వాడికి తెగ నచ్చాయి. రోజుకు రెండు.

తర్వాతి చెకప్‌కి నేనూ వెళ్ళా. "మేం రాసినవి కాకుండా ఇంకేమైనా ఇస్తున్నారా?" అని డాక్టర్ గారు అడిగారు. నేను బ్యాగులోంచి డబ్బా తీసి చూపించా, కాస్త గర్వంగానే. ఆవిడ వెనక లేబుల్ చదివి ఒక లైన్ మీద వేలు పెట్టారు. అది విటమిన్ సి అనుకున్నా. చూస్తే ఫోలిక్ యాసిడ్.

"బాబుకి వారానికోసారి ఇచ్చే మాత్ర ఉంది కదా, దాని పనే ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకోవడం. మీరు ఇటు పక్క నుంచి అదే పెడుతున్నారు" అన్నారు. తిట్టలేదు. కొద్ది రోజులే కాబట్టి కంగారు పడొద్దు, రక్తపరీక్ష చూద్దాం, ఇది మాత్రం ఇవాళే ఆపేయండి అన్నారు. కారిడార్‌లోకి వచ్చాక అక్క నన్నేమీ అనలేదు. అన్నా బావుండేది.

ఆ మాత్ర పేరు మెథోట్రెక్సేట్. ఆ రాత్రి నిద్ర పట్టక దాని చరిత్ర వెతుక్కుంటూ పోతే, చివరికి భీమవరంలో తేలాను. మా అక్కవాళ్ళ ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం కూడా ఉండదు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు, అదీ మద్రాసు వెళ్ళాక. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్ళు ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని, ఆపరేషన్ థియేటర్‌కి ఖాదీ బట్టతో కుట్టిన దుస్తులు వేసుకుని వెళ్ళేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు, అంతకంటే తక్కువైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఆయన సోదరులు ఇద్దరు ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. వాళ్ళలో పురుషోత్తం గారిది స్ప్రూ అనే జబ్బు. తిన్నదాంట్లో పోషకాలని పేగులు పీల్చుకోలేవు. మనిషి పాలిపోయి, రక్తం తగ్గిపోయి, చిక్కి శల్యమైపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

1922 అక్టోబర్‌లో సుబ్బారావు గారు బోస్టన్‌లో దిగారు, హార్వర్డ్‌లో చదవడానికి. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నా చితకా పనులు చేశారు. సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్‌తో కలిసి, రక్తంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. మన ఒంట్లో ఎనర్జీకి కరెన్సీ లాంటి ఏటీపీని గుర్తించిన తొలి బృందాల్లో వీళ్ళూ ఉన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబ్స్‌కి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఫోలిక్ యాసిడ్ దగ్గరికి వద్దాం. ఈ కథలో మన దేశం ఇంకోసారి కనిపిస్తుంది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టర్, బొంబాయిలో పేద గర్భిణీల రక్తహీనత మీద పనిచేశారు. ఈస్ట్‌తో చేసే మార్మైట్ పెడితే వాళ్ళు కోలుకున్నారు. అందులో ఏదో ఉంది, అదేంటో తెలీదు. తర్వాత అదే ఫోలిక్ యాసిడ్ అని తేలింది. దాన్ని ల్యాబులో తయారు చేసే దారి 1945లో కనిపెట్టింది సుబ్బారావు గారి లెడర్లీ బృందమే. అది స్ప్రూ రోగుల మీద పనిచేసింది. సోదరుడు పోయిన సుమారు పాతికేళ్ళకు ఆ జబ్బుకి మందు దొరికింది, అది కూడా ఆయన టీమ్ చేతుల్లోనే.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. అదే సమయంలో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి పరిశోధకులు, ఈ ఫోలిక్ యాసిడ్ కుటుంబానికి చెందిన పదార్థం ఇస్తే ఎలుకల్లో కణితులు తగ్గాయని ప్రకటించారు. అంటే విటమిన్ క్యాన్సర్‌ని తగ్గిస్తుంది! మా గ్రూపులో ఫార్వర్డ్‌కి ఇది 1945 వెర్షన్ అనుకోండి. తేడా ఏంటంటే, వీళ్ళు దాన్ని మనుషుల మీద పరీక్షించి చూశారు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్, లెడర్లీ పంపిన ఫోలిక్ సమ్మేళనాలని 90 మంది క్యాన్సర్ రోగులకి ఇచ్చారు. వాళ్ళలో లుకేమియా ఉన్న పిల్లల ఎముక మజ్జని మైక్రోస్కోప్ కింద చూస్తే, జబ్బు తగ్గకపోగా వేగం పెరిగినట్టు కనిపించింది.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. నువ్వు తయారు చేసిన విటమిన్, నీ ఇంటి మనిషిని మింగిన జబ్బుకి మందైన విటమిన్, ఇప్పుడు పిల్లల క్యాన్సర్‌కి పెట్రోల్ పోస్తోందని రిపోర్ట్ వచ్చింది. ఏం చేస్తావ్? రిపోర్ట్ తప్పంటావా? డోస్ చాలలేదంటావా?

వాళ్ళు ఆ రిపోర్ట్‌ని నమ్మారు. నమ్మి, దాన్ని తిరగేశారు. ఫోలిక్ యాసిడ్ పెడితే జబ్బు పెరుగుతోందంటే, అందకుండా చేస్తే తగ్గాలి కదా?

లాజిక్ సింపుల్. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి. డీఎన్ఏ తయారవ్వాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. లుకేమియా కణాలు ఆగకుండా చీలుతూనే ఉంటాయి కాబట్టి వాటికి ఆకలి ఎక్కువ. లెడర్లీలో డోరిస్ సీగర్ లాంటి కెమిస్టులు ఫోలిక్ యాసిడ్‌లో చిన్న భాగం మార్చి నకిలీలు తయారు చేశారు. డూప్లికేట్ తాళంచెవి తాళంలోకి దూరుతుంది కానీ తిరగదు, ఇరుక్కుపోతుంది. అసలు తాళంచెవికి చోటుండదు. అలాంటి నకిలీల్లో ఒకటి అమినోప్టెరిన్.

1947 చివర్లో ఫార్బర్ దాన్ని పిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫలితాలు అచ్చయ్యాయి. 16 మందిలో 10 మందికి మెరుగైంది. అది తాత్కాలికమే అని పేపర్ టైటిల్‌లోనే రాశారు. చాలామందికి జబ్బు తిరగబెట్టింది. కానీ అప్పటిదాకా ఆ జబ్బుకి మందు అనేదే లేదు. పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవారు.

రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. ఇండియాకి తిరిగి రానేలేదు. అమినోప్టెరిన్ కంటే భరించడం తేలికైన దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. లెడర్లీలోనే పుట్టింది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దాంతో కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ని నయం చేయగలమని చూపించారు. ఈ రోజు సంపన్న దేశాల్లో ఏఎల్ఎల్ వచ్చిన పిల్లల్లో దాదాపు 90 శాతం బతుకుతున్నారు. అనేక మందులు కలిస్తే వచ్చిన ఫలితం అది, వాటిలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

మరి ఆ ఫార్వర్డ్ సంగతి? విటమిన్ సి కథలో కూడా ఒక మహామహుడు ఉన్నాడు. లైనస్ పాలింగ్. రెండు నోబెల్స్, 1954లో కెమిస్ట్రీకి, 1962లో శాంతికి. స్కాట్లాండ్ డాక్టర్ ఇవాన్ కామెరాన్‌తో కలిసి 1976లో ఒక పేపర్ వేశారు. విటమిన్ సి ఎక్కువ మోతాదులో ఇచ్చిన 100 మంది ముదిరిన క్యాన్సర్ రోగులు, పాత రికార్డుల్లోని 1000 మందితో పోలిస్తే సగటున నాలుగు రెట్లు ఎక్కువ కాలం బతికారని. ఇబ్బంది ఎక్కడంటే, చీటీ వేసినట్టు రోగుల్ని రెండు గ్రూపులుగా విడగొట్టి చేసిన ట్రయల్ కాదు అది. అమెరికాలోని మేయో క్లినిక్ ఆ పద్ధతిలో రెండుసార్లు చేసింది. 1979లో, 1985లో. రోజుకు 10 గ్రాముల మాత్రలు. ఉపయోగం కనిపించలేదు. పాలింగ్ ఒప్పుకోలేదు, ట్రయల్ చేసిన తీరే తప్పన్నారు. 1994లో ఆయనే ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయారు, 93 ఏళ్ళ వయసులో.

అయితే పాలింగ్‌ని పూర్తిగా కొట్టిపారేయలేం. కామెరాన్ మొదట్లో నరంలోకి ఎక్కించేవారు, మేయో వాళ్ళు నోటితో ఇచ్చారు. నోటితో ఎంత మింగినా రక్తంలో విటమిన్ సి ఒక హద్దు దాటదని, నరంలోకి ఎక్కిస్తే దానికి ఎన్నో రెట్లు చేరుతుందని 2004లో అమెరికా పరిశోధకులు లెక్క చూపించారు. ఆ స్థాయిలో అది ఇంకో మందులా ప్రవర్తిస్తుంది. 2022లో చైనాలో 442 మంది పేగు క్యాన్సర్ రోగుల మీద చేసిన పెద్ద ట్రయల్‌లో, కీమోకి దీన్ని కలిపినా మొత్తం మీద లాభం రాలేదు. 2024లో అయోవా యూనివర్సిటీ వాళ్ళు పాంక్రియాస్ క్యాన్సర్‌లో చేసిన ట్రయల్‌లో, కీమో ఒక్కటే తీసుకున్నవాళ్ళు 8.3 నెలలు, దాంతోపాటు విటమిన్ సి ఎక్కించుకున్నవాళ్ళు 16 నెలలు బతికారు. ఆశ కలిగించే మాటే, కానీ అందులో ఉన్నది 34 మంది. ఇంకోవైపు 2008లో న్యూయార్క్ ల్యాబ్ ఒకటి, విటమిన్ సి కొన్ని కీమో మందుల పదును తగ్గించిందని కణాల్లో, ఎలుకల్లో చూపించింది. జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళకి ఎక్కువ డోస్ ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం కూడా ఉంది.

అంటే "విటమిన్ క్యాన్సర్‌కి మంచిదా చెడ్డదా" అనే ప్రశ్నే సగం ప్రశ్న. ఏ విటమిన్, ఏ క్యాన్సర్, నోటితోనా నరంలోకా, ఎంత, పక్కన ఏ మందు నడుస్తోంది, ఇవన్నీ కలిపితేనే పూర్తి ప్రశ్న. ఇంకో ఉదాహరణ చెప్తాను. కీళ్ళవాతానికి ఇదే మెథోట్రెక్సేట్ తక్కువ డోసులో వాడతారు. అక్కడ సైడ్ ఎఫెక్ట్స్ తగ్గాలని డాక్టర్లే ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. అదే జోడీ, జబ్బు మారితే సలహా తిరగబడింది. మీ ఇంట్లో అమ్మమ్మకి ఈ మాత్ర ఉంటే ఒక్కటి చూడండి. కీళ్ళకి అది వారానికోసారి వేసుకునేది. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది.

నేనిప్పుడు ఒక పని చేస్తున్నాను. ఇంట్లో ఎవరు ట్రీట్‌మెంట్‌లో ఉన్నా వాళ్ళు మింగే ప్రతిదానికీ, కషాయం పొడితో సహా, లేబుల్ ఫోటో తీసి ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో పెడుతున్నా. డాక్టర్ అడిగేలోపే చూపిస్తున్నా. మీరూ ఈరోజే చేయండి, రెండు నిమిషాల పని.

బాబు రక్తపరీక్ష బాగానే వచ్చింది. గమ్మీలు ఎందుకు ఆగిపోయాయని వాడు నన్నే అడుగుతున్నాడు. సుబ్బారావు గారి ఫోటో చూపించి, నీ మాత్ర వెనకాల ఉన్నది ఈ తాత, మన భీమవరం తాత అని చెప్పా. "ఆ తాత గమ్మీలు చెయ్యలేదా మామయ్యా?" అన్నాడు.

ఇంతే ఫ్రెండ్స్ ఈరోజుకి. కుక్కర్ మూడో విజిల్ వచ్చింది, అక్క పిలుస్తోంది. వచ్చే వారం కలుద్దాం.