రాయచూరు సర్కారు బడి: అన్నం పెట్టింది, అక్షరం మాటేమిటి?

రాయచూరు జిల్లాలో చిన్న బడి పిల్లలకు ఎంత మేలు చేస్తోందో తేల్చాలంటే, ముందు ఆ బడి ఏ భాషలో నడిచిందో చూడాలి. 1948 సెప్టెంబరు దాకా ఇది నిజాం ఏలుబడిలోని నేల. ఇళ్లలో కన్నడం, తూర్పు పల్లెల్లో తెలుగు. పై చదువులకు పోవాలన్నా, సర్కారు కొలువు దొరకాలన్నా ఉర్దూ రావాల్సిందే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం సైతం ఉర్దూలోనే బోధించేది. ఇంటి భాష ఏ మెట్టు దగ్గరో ఆగిపోతుందని తెలిసినప్పుడు, కూలి చేసుకునే తండ్రి బిడ్డను బడికి పంపడానికి ఏమంత ఆసక్తి చూపుతాడు? ఆ కాలంలో పండిత తారానాథ్ రాయచూరు పట్టణంలో హమ్‌దర్ద్ పాఠశాల పెట్టి నడపడం చిన్న పనేమీ కాదు. పల్లెలకు మాత్రం అలాంటి బడి అందలేదు.

1956 నవంబరు 1న రాష్ట్రాలు మారాయి. రాయచూరు మైసూరు రాష్ట్రంలో (నేటి కర్ణాటక) కలిసింది. అప్పటిదాకా ఇదే జిల్లాలో ఉన్న గద్వాల, అలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు, మహబూబ్‌నగర్ జిల్లాలోకి వచ్చాయి. బంధుత్వాలు అటూ ఇటూ అలాగే ఉన్నాయి, బడి భాష ఒక్కటే మారింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలంటున్న 350ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది కూడా ఆ ఏడాదే. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లు పారాక ఆంధ్ర రైతులు సింధనూరు, మాన్వి వైపు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. వాళ్లలో డబ్బున్నవాళ్లు పిల్లలను ఎక్కడికైనా పంపి చదివించుకోగలిగారు. సరిహద్దు పల్లెల్లోని తెలుగు కూలీలకు ఊళ్లో ఉన్న బడే దిక్కు.

తర్వాతి నాలుగు దశాబ్దాలు గదులు కట్టడంతోనే గడిచాయని చెప్పవచ్చు. 1994-95లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) మొదలైనప్పుడు కర్ణాటక నుంచి తొలి విడతలో తీసుకున్న నాలుగు జిల్లాల్లో రాయచూరు ఒకటి. మిగతావి బెళగావి, కోలారు, మండ్య. ఆడవాళ్ల అక్షరాస్యత వెనకబడి ఉండటం ఆ ఎంపికకు ముఖ్య కొలమానం.

నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద మలుపు 2002లో వచ్చింది. అక్షర దాసోహ పేరుతో మధ్యాహ్న భోజనాన్ని కర్ణాటక ముందుగా ఈశాన్య భాగంలోని ఏడు జిల్లాల్లో మొదలుపెట్టింది. వాటిలో రాయచూరు ఉంది. 2013లో పాలు చేరాయి. 2021 డిసెంబరులో పిల్లలకు గుడ్డు ఇవ్వడమూ మొదట ఈ ప్రాంతంలోనే ఆరంభమైంది. దీన్ని ఎవరూ తేలికగా తీసుకోకూడదు. పొద్దున ఏమీ తినకుండా వచ్చిన బిడ్డకు పాఠం ఎక్కదు.

చదువు చెప్పే తీరులో వచ్చిన మార్పు నలి-కలి. ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలు ఒకే గదిలో, నేల మీద గుంపులుగా కూర్చుంటారు. గోడకు అభ్యాస నిచ్చెన వేలాడుతుంటుంది. బిడ్డ తాను ఏ మెట్టు మీద ఉన్నదీ దాని మీదే చూసుకుని, ఆ గుర్తున్న కార్డు వెతికి తెచ్చుకుంటుంది. ఒక గుంపుకు టీచరమ్మ దగ్గరుండి చెబుతుంది, ఇంకో గుంపులో తోటి పిల్లలే నేర్పుకుంటారు, మరో గుంపు సొంతంగా రాసుకుంటుంది. గోడ కింది భాగంలో పొడవునా నల్లబల్ల, పిల్లల చేతికి అందేటంత ఎత్తులో. నాలుగు రోజులు కూలికి పోయి తిరిగొచ్చిన బిడ్డ, ఆగిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెట్టవచ్చు. వలసలు ఎక్కువగా ఉన్న దేవదుర్గ లాంటి తాలూకాకు ఇంతకన్నా తగిన పద్ధతి నాకు కనబడలేదు.

ఈ పద్ధతికి మూలం మన మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ. అక్కడి పల్లె బడుల్లో తెలుగు పిల్లల కోసం తయారైన కార్డుల పద్ధతిని చూసి, 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె ఉపాధ్యాయులు కన్నడంలో మలుచుకున్నారు. 2009-10లో అది రాష్ట్రంలోని కన్నడ సర్కారు బడులన్నిటికీ పాకింది. రాయచూరు సరిహద్దులో ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డ, తెలుగు పిల్లల కోసం పుట్టిన పద్ధతిలోనే కన్నడ అక్షరాలు దిద్దుతోందన్నమాట. అయితే ఆ బిడ్డ మాట తెలిసిన టీచరు ఉంటేనే ఆ మెట్లు కదులుతాయి.

లోటు అక్కడే ఉంది. 2001లో జిల్లా అక్షరాస్యత దాదాపు 49 శాతం, 2011లో 59.56. రాష్ట్ర సగటు అప్పటికే 75.36. ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు సగం మంది కూడా లేరు, 48.73 శాతమే. దూర జిల్లాల నుంచి ఇక్కడికి వేసిన టీచర్లు బదిలీ కోసం ఎదురుచూస్తారు, ఖాళీలను అతిథి ఉపాధ్యాయులతో నెట్టుకొస్తారు. రాజ్యాంగంలో ఈ ప్రాంతం కోసం 371జె అధికరణం వచ్చాక ఉద్యోగాల్లో స్థానికులకు కోటా దక్కింది. ఆ కోటాలో వచ్చిన టీచరు ఊళ్లోనే నిలబడి, పిల్లల మాట తెలుసుకుని చెబితే గుడ్డూ పాలూ చేసిన మేలు అక్షరానికీ అందుతుంది.

2001 నుంచి ప్రతి సర్కారు బడికీ తల్లిదండ్రులతో బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ (ఎస్‌డీఎంసీ) ఉంది. అందులో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే: వచ్చే సమావేశంలో ప్రహరీగోడ సంగతి కాసేపు పక్కన పెట్టి, మూడో తరగతి పిల్లల చేత కన్నడంలో ఒక పేజీ చదివించమని అడగండి. చదవలేకపోతే టీచరు పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీగా ఉందో కూడా అక్కడే అడగండి.