ఆయిల్ ఇంజను వేడెక్కడం (కొల్లేరు ప్రాంతం)

ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులకీ వరిచేలకీ నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లను జనం ఆయిల్ ఇంజన్లంటారు. ఒకే సిలిండరు ఉండి, నీటితో చల్లబడే రకం వీటిలో అందరికీ తెలిసినది. చుట్టూ నీళ్లుండగా ఇంజను కాగిపోవడం కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. చెరువు నిండా నీరున్నా లాభం లేదు, సిలిండరు చుట్టూ ఉన్న జాకెట్లో అది ఆగకుండా పారాలి. మంచుదేశాల్లో మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి కష్టమూ ఇదే. నీటితో చల్లబడే రకాల్లో బండి కింద తిరిగే ట్రాక్ ఎగజిమ్మే మంచు పొడి రేడియేటరు మీద పడితేనే కూలెంట్ చల్లారుతుంది. గట్టి ఐసు మీద పొడి లేవదు కాబట్టి ఇంజను కాగుతుంది.

మన పంపుసెట్లలో చాలావాటికి డెలివరీ వైపు నుంచి ఒక సన్న గొట్టం జాకెట్లోకి వెళ్తుంది. ఆ నీరు సిలిండరు హెడ్ మీదుగా వచ్చి బయట ధారగా పడుతుంది. అనుమానం రాగానే ముందు చూడాల్సింది ఆ ధారనే. చెయ్యి పెడితే గోరువెచ్చగా, నిండుగా పడుతుంటే చల్లదనానికి లోటు లేనట్టే. సన్నబడి పొగలు కక్కుతుంటే దారిలో ఎక్కడో అడ్డుంది.

కొల్లేరు సరస్సులో ఆ అడ్డు చాలాసార్లు నీళ్లలోనే పుడుతుంది. ఇది కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు ఒండ్రు మోసుకొస్తాయి, గుర్రపుడెక్క వేళ్లూ నాచూ సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ జాలికి చుట్టుకుంటాయి. వేసవిలో ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు ఎదురెక్కితే ఆ నీరు లోపలి ఇనుమును తినేస్తుంది. మట్టం దిగి జాలి బయటపడితే పంపు గాలి పీలుస్తుంది, ఇంజనుకు వెళ్లే నీళ్లూ తగ్గిపోతాయి. అందుకే జాలిని బురదకు ఆనించకుండా వేలాడదీయాలి, సక్షన్ పైపు అతుకులు బిగించాలి. సన్న గొట్టాన్ని విప్పి ఇనుప తీగతో పొడిస్తే నల్లటి ఒండ్రు ముద్దగా ఊడిపడటం ఇక్కడి మెకానిక్కులకు మామూలే.

ధార సరిగ్గా ఉన్నా వేడి తగ్గకపోతే లోడు చూడాలి. నల్లపొగ వస్తుంటే ఇంజను మోయలేని బరువు మోస్తున్నట్టు, లేదా నాజిలు చెడినట్టు. డిప్‌స్టిక్ మీద నూనె తక్కువుంటే పోయాలి, పాలలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే, మార్చాలి. తీసిన పాతనూనెను డబ్బాలో పట్టాలి, కాలవలో పారబోయకూడదు: 1999లో అభయారణ్యమై, 2002లో చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు కొల్లేరు. ధారలో బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్‌కెట్ పోయిందనుకోవాలి.

చేపల రైతుకు అసలు గండం తెల్లవారుజామున. ఆ వేళ చెరువులో ప్రాణవాయువు బాగా తగ్గి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. నీరు మార్చాలన్న ఆత్రంలో కాగిన ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరిస్తారు, హెడ్ పగులుతుంది. ధార ఆగిపోతే వెంటనే ఇంజను ఆపాలి. ధార పడుతూనే ఉంటే లోడు తీసేసి కొద్దిసేపు తిప్పి, తర్వాత ఆపాలి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే నీళ్లు పొయ్యాలి. ఆగకుండా లాగిస్తే పిస్టన్ వ్యాకోచించి లైనరులో పట్టేస్తుంది. అప్పుడు హ్యాండిలు తిరగదు, ఇంజనును వ్యానెక్కించి పట్నానికి తీసుకుపోవాల్సిందే.