తడి రాళ్లను కలిపే రెండు వేల ఏళ్ల విద్య

ఉప్పునీటి అక్వేరియంలో పగడాలకు ఆధారంగా పేర్చే రాళ్లను ఒకదానితో ఒకటి అతికించడంలో ఉన్న అసలు చిక్కు వాటి తడి. రాతి గరుకు ముఖం మీద నీటి పొర పరుచుకొని ఉన్నంతకాలం మామూలు జిగురు రాయిని తాకదు. ఆ పొరను మాత్రమే తాకి, కాసేపటికే ఊడి వస్తుంది. ఈ చిక్కు అక్వేరియంతో పుట్టినది కాదు. సముద్రంలో రేవులు కట్టినవారూ, అలల నడుమ దీపస్తంభాలు లేపినవారూ దీనిని ఎదుర్కొన్నవారే. వారు కనుగొన్న మార్గాలను వరుసగా పరిశీలిస్తే అవి రెండే అని తేలుతుంది: నీటినే గట్టిపడే క్రియలో భాగస్వామిని చేయడం ఒకటి, నీటి పొరను పక్కకు నెట్టి రాతి రంధ్రాలలోకి చొచ్చుకొని పట్టు సంపాదించడం మరొకటి.

బూడిద నుంచి సిమెంటు దాకా

మామూలు సున్నపు అడుసు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని మెల్లగా గట్టిపడుతుంది కనుక, ఆ వాయువు తగినంతగా అందని నీటి అడుగున అది బిగుసుకోకముందే చెదిరిపోతుంది. నేపుల్స్ అఖాతం చుట్టుపక్కల దొరికే అగ్నిపర్వత బూడిదను, అంటే పొజ్జొలానాను, సున్నంలో కలిపితే ఈ లోపం తీరుతుందని రోమన్లు గుర్తించారు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దికి చెందిన వాస్తుశాస్త్రవేత్త విట్రూవియస్ తన గ్రంథంలో ఈ మిశ్రమం సముద్రంలో సైతం గట్టిపడుతుందని వివరించాడు. బూడిదలోని సిలికా, అల్యూమినా నీటి సమక్షంలో సున్నంతో చర్య జరిపి, నీటిలో కరగని కొత్త బంధక పదార్థంగా మారడమే ఇందులోని కీలకం. యూదయను పాలించిన హెరోదు రాజు సిజేరియాలో రేవు కట్టించినప్పుడు ఆ బూడిదను ఇటలీ నుంచి ఓడలలో తెప్పించారు. ఇటువంటి రోమన్ కట్టడాల లోపలికి ఇంకిన సముద్రజలం శతాబ్దాల పాటు కొత్త ఖనిజ స్ఫటికాలను పెంచుతూ కాంక్రీటుకు బలం చేకూర్చిందని 2017లో వెలువడిన పరిశోధన వెల్లడించింది.

ఇంగ్లండులోని ప్లిమత్‌కు దక్షిణంగా, పోటు వేళ మునిగిపోయే ఎడిస్టోన్ రాళ్ల మీద 1756–59 మధ్య దీపస్తంభాన్ని నిర్మించిన జాన్ స్మీటన్, వివిధ ప్రాంతాల సున్నపురాళ్లను పరీక్షించి, బంకమట్టి కలిసి ఉన్న సున్నపురాయిని కాల్చినప్పుడే నీటిలో గట్టిపడే సున్నం వస్తుందని నిర్ధారించాడు. ఆ సున్నానికి ఇటలీ పొజ్జొలానాను జోడించడమే కాక, అడుసును మాత్రమే నమ్ముకోకుండా, ఒక రాయి అంచు పక్క రాయి గాడిలో ఇమిడేటట్లు ప్రతి రాతినీ చెక్కించాడు. శతాబ్దం దాటాక ఆ స్తంభాన్ని తొలగించవలసి రావడానికి కారణం దాని అతుకులు సడలడం కాదు, దాని కింది సహజశిల కోతకు గురికావడం. స్మీటన్ ఎత్తిచూపిన బంకమట్టి రహస్యం మీద సాగిన ప్రయోగాల పరంపరలోనే 1824లో జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు.

అలంకారం నుంచి ప్రాణాధారం

లండన్‌లో అన్నా థిన్ 1846లో సముద్రపు పగడాలను గాజు పాత్రలలో పెంచడం మొదలుపెట్టగా, 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో మత్స్యశాల వెలిసింది. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన అక్వేరియం గ్రంథం ఈ సరదాను ఇంటింటికీ చేర్చింది. తొట్టిలో రాయి అలంకారంగా ఉన్నంతకాలం దానిని బయటే సిమెంటుతో కట్టి ఎండనిచ్చే వీలుండేది. అయితే కొత్త సిమెంటు నుంచి ఊరే సున్నం నీటి క్షారగుణాన్ని జీవులు తట్టుకోలేనంతగా పెంచుతుంది కాబట్టి, ఆ కట్టడాన్ని వారాల తరబడి నీటిలో నానబెట్టి, ఆ నీటిని మారుస్తూ ఉండక తప్పదు.

జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ఒక అమెరికన్ పత్రికలో ప్రకటించిన పద్ధతి రాయి స్థానాన్నే మార్చివేసింది. పగడపు దిబ్బల నుంచి తెచ్చిన, సూక్ష్మజీవులతో నిండిన రాళ్లే తొట్టి నీటిని శుభ్రపరచగలవని ఆయన చూపాడు; తరువాతి దశాబ్దాలలో బెర్లిన్ అభిరుచిపరులు ఈ సజీవ శిలలకు, నురుగు రూపంలో మలినాలను తీసివేసే ప్రోటీన్ స్కిమ్మర్‌ను జతచేశారు. ఇటువంటి రాతి పైపొరల్లోని బాక్టీరియా చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రేటుగా మారిస్తే, ఆక్సిజన్ అందని లోపలి రంధ్రాలలోని బాక్టీరియా ఆ నైట్రేటును నత్రజని వాయువుగా విడగొడుతుంది. రాయి ఎండితే ఈ జీవజాలం నశిస్తుంది. అందుకే రాళ్లను తడిగా ఉండగానే అతికించడం అనివార్యమైంది.

రెండు రసాయనాల జోడి

ఈ అవసరాన్ని తీర్చిన మొదటి పదార్థం సయనోఅక్రిలేట్. కోడక్ సంస్థలో హ్యారీ కూవర్ బృందం 1942లో తుపాకీ గురిసాధనాలకు పారదర్శకమైన ప్లాస్టిక్ కోసం వెతుకుతూ, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని దీనిని పక్కనపెట్టింది. 1958లో అదే జిగురుగా బజారుకెక్కింది. ఫెవిక్విక్ వంటివి ఈ జాతివే. తేమలోని హైడ్రాక్సైడ్ అయాన్లు తాకగానే దీని అణువులు గొలుసులుగా కలిసిపోతాయి కనుక నీరు దీనికి శత్రువు కాదు. అయితే నీటిలో దీనిపై క్షణాల్లో గట్టి పొర ఏర్పడుతుంది. అందువల్ల చిక్కని జెల్ రకాన్ని ఎంచుకొని, రాతిని నొక్కుతూ కొద్దిగా తిప్పితే ఆ పొర చిరిగి, లోపలి తాజా జిగురు రాతికి తగులుతుంది. వెడల్పైన సందులను ఇది నింపలేదు. పెళుసు కావడం వల్ల పక్కదెబ్బకు విరుగుతుంది.

ఆ కొరత తీర్చేది ఎపాక్సీ ముద్ద. ఇళ్లలో కారే గొట్టాలకు వాడే ఎం-సీల్ మాదిరిగా, ఇందులోనూ రెసిన్‌ను, గట్టిపరిచే పదార్థాన్ని పిసికి కలుపుతారు. ఆ రెండింటి మధ్య చర్యకు గాలి గాని నీరు గాని అక్కరలేదు. ఇది తడిరాతికి బలంగా అంటుకోదు, కానీ రంధ్రాలలోకి దిగి గట్టిపడి, స్మీటన్ రాళ్లలాగే ఆకారబలంతో నిలుస్తుంది. అందుకే అనుభవజ్ఞులు అతుకు చోట నాచును, జిగటను బ్రష్‌తో రుద్ది తీసివేసి, ముద్దకు రెండు వైపులా జెల్ పూసి రాళ్ల మధ్య ఉంచి నొక్కుతారు: జెల్ తక్షణపు పట్టునిస్తే, ముద్ద సందును నింపుతుంది. అక్వేరియంల కోసం తయారైన ముద్దనే వాడినా, ఒకేసారి ఎక్కువైతే స్కిమ్మర్ నురుగు పొంగిపోతుంది. బరువైన కట్టడాలకు రాతిలో రంధ్రం తొలిచి యాక్రిలిక్ కడ్డీ దింపడం, అడుగురాళ్లను ఇసుక మీద కాక నేరుగా తొట్టి అడుగున ఆనించడం మేలు.

సజీవ శిలల వేట దిబ్బలకు చేటు తెచ్చింది. ఫ్లోరిడా చుట్టూ ఉన్న అమెరికా ఫెడరల్ జలాలలో సహజ శిలల సేకరణ 1997 నాటికి ఆగిపోగా, భారతదేశం 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చింది. ఫ్లోరిడాలో సముద్రగర్భంలో రాళ్లు పరిచి సజీవ శిలను సాగుచేసిన కెన్ నెడిమయర్ తన రాళ్లపై తమంతట తామే మొలిచిన కొమ్ముపగడాలను పెంచి, 2007లో పగడాల పునరుద్ధరణ సంస్థను స్థాపించాడు. అటువంటి పగడపు నర్సరీలలో పెరిగిన ముక్కలను మునకగాళ్లు ఇప్పుడు క్షీణించిన దిబ్బలకు ఎపాక్సీ ముద్దతో అతికిస్తున్నారు. అక్కడ ఆ ముద్ద శాశ్వతంగా నిలవనవసరం లేదు. పగడం తన సున్నపు అస్థిపంజరాన్ని రాతి మీదికి పరుచుకొని స్వయంగా పట్టు సాధించేదాకా దానిని కదలకుండా ఉంచితే చాలు.