సీరత్ ఆధారాలు – తొలి శతాబ్దంపై వాదోపవాదాలు

పాశ్చాత్య గ్రంథాలలో ఇస్లాంకు చాలాకాలం "ముహమ్మదీయ మతం" అనే పేరే వాడుకలో ఉండేది. గిబ్ వంటి పెద్ద పండితుడు కూడా 1949లో తన గ్రంథానికి ఆ పేరే పెట్టాడు. "ఇస్లాం మత స్థాపకుడు" అని తెలుగులో తరచు వినిపించే మాట కూడా ఆ కోవలోనిదే. ముస్లింల విశ్వాసం ప్రకారం ముహమ్మద్ (స) కొత్త మతాన్ని స్థాపించినవారు కారు. ఆదం (అ) మొదలుకొని వచ్చిన ప్రవక్తల పరంపరలో చివరివారు. అయితే విశ్వాసాన్ని తూచే త్రాసు చరిత్రకారుని వద్ద లేదు. అతడు అడిగే ప్రశ్న వేరు. ఈ సంగతులు ఎవరు చెప్పారు? ఎప్పుడు వ్రాశారు? అభిప్రాయ భేదాలలో అధికభాగం ఇక్కడే మొదలవుతాయి.

దైవప్రవక్త (స) ఇహలోకం వీడినది హిజ్రీ 11లో, అనగా క్రీ.శ. 632లో. మనకు లభించిన సవిస్తర సీరత్ రచనలలో ప్రాచీనమైనది ఇబ్నె ఇస్‌హాఖ్‌ది. ఆయన మరణం హి. 150 (767) ప్రాంతం. ఆ గ్రంథమైనా పూర్తిగా మన చేతికి రాలేదు. ఇబ్నె హిషాం సంక్షేపించిన రూపం, తబరీ వంటివారు ఉటంకించిన భాగాలు మాత్రమే మిగిలాయి. ఈ మధ్యకాలాన్ని ఎలా పూరించాలన్నదే అసలు వివాదం.

బ్రిటిష్ ప్రభుత్వంలో ఉన్నతోద్యోగి అయిన విలియం మ్యూర్ 1858–61 మధ్య నాలుగు సంపుటాల ప్రవక్త జీవితచరిత్ర ప్రకటించాడు. అరబీ మూలాలు చూసి వ్రాసినవాడే గాని, క్రైస్తవ మత ప్రచారకుల అవసరం అతని చూపును చాలాచోట్ల వంకర చేసింది. దానికి సమాధానంగా సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ లండన్‌లో ఉండి వ్రాసిన వ్యాసాలు 1870లో వెలువడ్డాయి. సర్ సయ్యద్ తీసుకున్న మార్గం గమనార్హం. మ్యూర్ ఉద్దేశాన్ని నిందించి ఊరుకోలేదు. అతడు ఆధారపడిన ఉల్లేఖనాలలో ఏవి బలహీనమైనవో ముహద్దిసుల సూత్రాల ప్రకారమే చూపించారు.

తరువాతి దాడి మరింత లోతైనది. గోల్డ్‌సిహెర్ 1890లో, షాఖ్త్ 1950లో హదీసులనే ప్రశ్నించారు. అవి చాలావరకు తరువాతి తరాల వాదవివాదాల నుండి పుట్టి వెనుకకు ఆపాదింపబడ్డాయన్నది వారి సిద్ధాంతం. దీనికి బలమైన ప్రత్యుత్తరం ఒక హైదరాబాదు పండితుని నుండి వచ్చింది. 1908లో జన్మించి, ఉస్మానియాలో చదివి, అక్కడే బోధించి, 1948 తరువాత పారిస్‌లో స్థిరపడిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా ఆయన. హజ్రత్ అబూ హురైరా (ర) శిష్యుడైన హమ్మాం బిన్ మునబ్బిహ్ సంకలించిన చిన్న సహీఫా వ్రాతప్రతులను బెర్లిన్, డమాస్కస్ గ్రంథాలయాలలో గుర్తించి 1953లో ప్రకటించారు. అందులోనివి 138 హదీసులు. రెండు శతాబ్దాల తరువాత ఇమాం అహ్మద్ బిన్ హంబల్ ముస్నద్‌లో కనిపించే పాఠంతో అవి ఇంచుమించు అక్షరాలా సరిపోతాయి. నోటిమాటగా మారుతూ వచ్చినవి ఇలా సరిపోవడం కష్టం.

సంశయవాదుల ఎదురుప్రశ్న కూడా కొట్టివేయదగినది కాదు. ఆ వ్రాతప్రతులు హమ్మాం చేతివి కావు, తరువాతి కాలపు నకళ్ళు గదా అంటారు. కనుక సహీఫా ఒక్కటే వాదాన్ని ముగించదు. కాని హదీసుల లేఖనం మూడవ శతాబ్దంలోగాని మొదలు కాలేదనే మాట మాత్రం ఆ తరువాత చెల్లలేదు.

1977లో వాన్స్‌బ్రో ఖుర్ఆన్ కూర్పునే రెండు శతాబ్దాలు ముందుకు జరిపాడు. అదే సంవత్సరం పట్రీషియా క్రోన్, మైకేల్ కుక్ ముస్లిం ఆధారాలను పూర్తిగా ప్రక్కనబెట్టి, ఇరుగుపొరుగువారి రచనలతోనే చరిత్ర కట్టజూశారు. విచిత్రమేమంటే ఆ ఇరుగుపొరుగువారి సాక్ష్యమే చివరకు ఎక్కువ ఉపకరించింది. 640 ప్రాంతపు ఒక సురియానీ రచన, 634లో గాజా వద్ద రోమనులకూ ముహమ్మద్ అరబ్బులకూ జరిగిన పోరును పేర్కొంటున్నది. 660ల నాటి ఆర్మీనియా చరిత్ర ఆయనను వర్తకుడని, ఇబ్రాహీం దేవుని గురించి బోధించాడని, మద్యాన్ని, అబద్ధాన్ని, వ్యభిచారాన్ని, చచ్చిన జంతువు మాంసాన్ని నిషేధించాడని చెబుతున్నది. వ్రాసినవారు మిత్రులు కారు, పొగిడే అవసరం వారికి లేదు. ప్రవక్త (స) చారిత్రక వ్యక్తి అనడంలో సందేహం లేదని క్రోన్ స్వయంగా 2006లో వ్రాసింది.

వాన్స్‌బ్రో వాదానికి దెబ్బ తోలుపత్రాల నుండి తగిలింది. సన్ఆ జామె మస్జిదులో 1972లో బయటపడిన ప్రతులు, బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయపు పత్రాలు ఇందులో ముఖ్యమైనవి. రెండవదాని తోలు 568–645 మధ్యదని 2015లో ప్రకటించారు. ఈ పరీక్ష తోలు వయసునే చెబుతుంది, సిరా వయసును కాదు. ఉత్సాహంలో దీనిని మరువరాదు. సన్ఆ ప్రతులలో ఒకదాని అడుగున చెరిపివేసిన పాఠంలో కొన్ని పదాల భేదాలు, సూరాల క్రమంలో తేడా ఉన్నాయి. ఇది విని కంగారుపడేవారు, ఇబ్నె మస్‌ఊద్ (ర), ఉబయ్ (ర) ముస్‌హఫ్‌ల భేదాలను మన పూర్వ పండితులే నమోదు చేశారని గుర్తించగలరు.

అసలు మన పెద్దలు ఒకరినొకరు విమర్శించుకొనుటకు ఎన్నడూ వెనుదీయలేదు. ఇబ్నె ఇస్‌హాఖ్‌ను ఇమాం మాలిక్ ఎంత కఠినంగా నిందించారో తెలిసినదే. ప్రవక్త (స) జన్మదినం రబీఉల్ అవ్వల్ 12 అని ప్రసిద్ధి. ఈజిప్టు ఖగోళవేత్త మహ్మూద్ పాషా గణితాన్ని అనుసరించి అల్లామా షిబ్లీ 9వ తేదీని స్వీకరించారు. ఆయన విశ్వాసానికి దానివల్ల లోటు రాలేదు.

ఇటీవలి పరిశోధన మళ్ళీ ఉల్లేఖకుల గొలుసుల వద్దకే వచ్చింది. జర్మన్ పండితులు గోర్కె, షోలర్ 2008లో ఉర్వా బిన్ జుబైర్ పేర వచ్చిన కథనాలన్నీ పోల్చిచూసి, హిజ్రత్, హుదైబియా వంటి ఘట్టాల రూపురేఖలు నిజంగా ఉర్వా వరకు పోతాయని నిర్ణయించారు. ఉర్వా మరణం హి. 94 ప్రాంతం, ఆయన హజ్రత్ ఆయిషా (ర) అక్క కుమారుడు. పినతల్లి నుండి విన్నవెన్ని, ఇతరుల నుండి విన్నవెన్ని? ఖలీఫా అబ్దుల్ మలిక్‌కు వ్రాసిన లేఖలలో ఆయన చాలాచోట్ల చెప్పినవారి పేరు వ్రాయలేదు. ప్రస్తుతం వాదం అక్కడ నిలిచి ఉన్నది.