సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ఎస్టిమేటు: ప్రభుత్వ శాఖల అనుభవాలు, పద్ధతులు

వంతెన నిర్మాణానికి ఎస్టిమేటు వేయవలసి వస్తే ఇంజనీర్ల వద్ద ప్రామాణిక ధరల పట్టిక సిద్ధంగా ఉంటుంది. తవ్విన మట్టి, పోసిన కాంక్రీటు ఘనపు మీటర్ల లెక్కన మెజర్‌మెంట్ బుక్కులో నమోదవుతాయి. ఒక శాఖ తన సేవలను కంప్యూటరీకరించదలచినపుడు మాత్రం ఇటువంటి కొలబద్ద వెంటనే చేతికి అందదు. కంటికి కనిపించని వస్తువుకు ధర కట్టవలసి రావడమే ఇందులోని చిక్కు. అంచనా తప్పితే ప్రజాధనం వృథా కావడమే గాక, కౌంటరు వద్ద నిలుచున్న పౌరునికి అందవలసిన సేవ కూడా ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది.

సాఫ్ట్‌వేర్ పరిమాణాన్ని తొలిరోజులలో ప్రోగ్రాములోని వరుసల సంఖ్యతో కొలిచేవారు. ప్రోగ్రాము రాయడం పూర్తయితే తప్ప వరుసల సంఖ్య తేలదు గనుక టెండరు పిలిచే అధికారికి ఆ కొలత అంతగా ఉపకరించదు. 1979లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఆలన్ ఆల్‌బ్రెక్ట్ ప్రతిపాదించిన ఫంక్షన్ పాయింట్ విధానం ఈ లోటును చాలావరకు తీర్చింది. వినియోగదారునికి అందే పనులను ఐదు రకాలుగా లెక్కించడం ఈ విధానంలోని కీలకాంశం. జనన ధ్రువీకరణ పత్రాన్నే ఉదాహరణగా తీసుకుంటే, దరఖాస్తు నమోదు ఒక ఇన్‌పుట్. మొత్తాలు లెక్కగట్టి ఇచ్చే నెలవారీ నివేదిక ఒక అవుట్‌పుట్. దరఖాస్తు ఏ దశలో ఉన్నదో తెలుసుకోవడం ఒక విచారణ. జనన రిజిస్టరు అంతర్గత ఫైలు. మరొక శాఖ నిర్వహిస్తుండగా ఈ వ్యవస్థ చూసుకునే వివరాలు బాహ్య ఫైలు. ఒక్కొక్క అంశానికి దాని క్లిష్టతను బట్టి పాయింట్లు కేటాయిస్తారు. ఏ కంప్యూటరు భాషలో రాశారన్న దానితో నిమిత్తం లేదు. శాఖ సూపరింటెండెంటు సైతం తన ఫైళ్లను ముందుంచుకొని ఈ లెక్కను సరిచూడగలగడం దీని అసలు ప్రయోజనం. ఈ ప్రమాణాలను 1986లో ఏర్పడిన అంతర్జాతీయ వినియోగదారుల బృందం పర్యవేక్షిస్తున్నది.

పరిమాణం తేలిన పిమ్మట శ్రమను, కాలాన్ని లెక్కించవలసి ఉంటుంది. ఇందుకు 1981లో బేరీ బోహ్మ్ కోకోమో అనే నమూనాను వెలువరించారు. దీని ప్రాథమిక సూత్రం ప్రకారం 32 వేల వరుసల సాధారణ ప్రోగ్రాముకు సుమారు 91 వ్యక్తి-నెలల శ్రమ, దాదాపు 14 నెలల కాలం అవసరమవుతాయి. అదే పరిమాణం గల ప్రోగ్రాము కఠిన నిబంధనలకు, ఇతర యంత్రవ్యవస్థలకు కట్టుబడి పనిచేయవలసినదైతే శ్రమ సుమారు 230 వ్యక్తి-నెలలకు చేరుతుంది. 91 వ్యక్తి-నెలలు అంటే 91 మందిని పెట్టి ఒక్క నెలలో ముగించవచ్చునని అర్థం కాదు. ఆలస్యమైన ప్రాజెక్టుకు మరింత మందిని చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించారు. ఐదుగురు పనిచేసే చోట ఇద్దరిద్దరి మధ్య సంప్రదింపుల మార్గాలు 10. పదిమంది అయితే అవి 45. సమీక్షా సమావేశాలలో "ఇంకొందరిని పెట్టండి" అన్న ఆదేశం తరచు వినబడుతుంది గనుక ఈ లెక్క గుర్తుంచుకోదగినది.

అవసరాలు ఇంకా స్పష్టపడని తొలిదశలో వేసిన అంచనాకు వాస్తవ వ్యయం నాలుగు రెట్లు కావచ్చు, నాలుగో వంతూ కావచ్చునని బోహ్మ్ పేర్కొన్నారు. అయితే పాలనాపరమైన మంజూరు కోరేది సాధారణంగా ఈ దశలోనే. అందువల్ల మంజూరు ఉత్తర్వులో ఒకే అంకెకు బదులు కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు చూపడం సమంజసం. అతి తక్కువ ధర కోట్ చేసిన బిడ్డరు అంకెను అంచనాగా పొరబడరాదు. అది ఆ సంస్థ పని దక్కించుకొనేందుకు వేసిన ధర మాత్రమే.

ప్రోగ్రాము రాయడానికి అయ్యేది మొత్తం వ్యయంలో ఒక భాగమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో ప్రారంభమైన రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ పథకం 'కార్డ్' ఇందుకు తార్కాణం. పాత రిజిస్టర్లలోని లావాదేవీలను కంప్యూటరులోకి ఎక్కించనిదే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ జారీ సాధ్యం కాదు. 1983కు ముందరి లావాదేవీల కొరకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోని రికార్డులను ఆశ్రయించవలసి రావడానికి కారణం ఇదే. డేటా ఎంట్రీ, సరిచూత, సిబ్బంది శిక్షణ, వార్షిక నిర్వహణ ఖర్చులు ప్రకటించిన మొత్తంలో చేరి ఉన్నాయా లేవా అన్నది పాత్రికేయులు ముందుగా అడగవలసిన ప్రశ్న.

ఎంత జాగ్రత్తగా వేసినా అంచనాకు అందని మార్పులు ఉంటాయి. 2011 నవంబరులో మీసేవ ప్రారంభమైనప్పుడు రాష్ట్రంలో 23 జిల్లాలు. 2014 జూన్ 2న అవి 13, 10గా విడిపోయాయి. తెలంగాణలో జిల్లాల సంఖ్య 2016లో 31కి, 2019లో 33కు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 26కు చేరింది. జిల్లా కోడు అనే చిన్న గడి మారితే దానిపై ఆధారపడిన నివేదికలు, అధికారుల లాగిన్లు, ధ్రువపత్రాల క్రమసంఖ్యలు అన్నీ సరిచూసుకోవలసి వస్తుంది. ఇటువంటి అదనపు పనికి ఒక్కో ఫంక్షన్ పాయింటుకు ఇంత అని ఒప్పందంలోనే ధర నిర్ణయించి ఉంచితే మధ్యలో బేరసారాలకు తావుండదు.

ప్రతి శాఖ తన సర్వరు, తన చెల్లింపు విధానం తానే సమకూర్చుకుంటే అదే ఖర్చు పలుమార్లు పెట్టవలసి వస్తుంది. 2006 మేలో కేంద్రం ఆమోదించిన జాతీయ ఈ-గవర్నెన్స్ ప్రణాళిక 27 మిషన్ మోడ్ ప్రాజెక్టులతో పాటు రాష్ట్రవ్యాప్త నెట్‌వర్కు, డేటా సెంటరు, సామాన్య సేవా కేంద్రాలను ఉమ్మడి వసతులుగా ఏర్పరచినది ఇందువల్లనే. ఉమ్మడితనం పేరిట అంతటినీ ఒక్కసారిగా తలకెత్తుకోవడంలోనూ ప్రమాదం లేకపోలేదు. ఇంగ్లండులో 2002లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవల ఐ.టి. కార్యక్రమాన్ని వందల కోట్ల పౌండ్లు వెచ్చించిన అనంతరం విడదీసి ముగిస్తున్నట్లు 2011 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. హైదరాబాద్‌లో ఇందుకు భిన్నమైన మార్గం అనుసరించారు. 1999 డిసెంబరులో 'ట్విన్స్' పేరుతో ప్రయోగాత్మకంగా బిల్లుల చెల్లింపు మొదలుపెట్టి, కౌంటరు వద్ద ఎదురైన ఇబ్బందులను గమనించిన మీదట, 2001 ఆగస్టులో 'ఈ-సేవ'గా విస్తరించారు.